ట్రైకోమోనాస్‌కి గ్రామ్ స్టెయిన్ సరిపోదా? జీమ్సా వేస్తే దొరుకుతుందా?

గాజుపలక (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేసి తొమ్మిదేళ్లుగా పార్వతీపురం వైపు ఒక చిన్న ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఒక మైక్రోస్కోప్, ఒక సెంట్రిఫ్యూజ్, ఒక సెమీ ఆటో ఎనలైజర్, నేను, ఇంకో అమ్మాయి. మా ల్యాబ్ అంటే అంతే.

ట్రైకోమోనాస్ అనే, కలయిక వల్ల అంటుకునే ఒంటికణ జీవి విషయంలో నెల రోజులుగా ఒక సంగతి మనసులోంచి పోవడం లేదు. ఎవరిదన్నది తెలియకుండా వివరాలు కొంచెం మార్చి చెప్తున్నాను. మొన్న వేసవిలో ఒక నర్సింగ్ హోమ్ నుంచి వెజైనల్ స్వాబ్ వచ్చింది. ముప్పై దాటిన ఆవిడ. తెల్లబట్ట, దురద, మూత్రానికి వెళ్తే మంట. స్వాబ్ తీసింది పొద్దున్న తొమ్మిదిన్నరకి. అక్కడి కుర్రాడు మిగతా శాంపిల్స్ అన్నీ పోగయ్యేదాకా ఆగి, అన్నీ కలిపి తెచ్చేసరికి పదకొండు దాటింది. దూది పుల్ల ఎండిపోయి ట్యూబ్ గోడకి అంటుకుపోయింది. ఆ రోజు సంత. బయట పాతికమంది షుగర్ టెస్టుకి నిలబడి ఉన్నారు. స్మియర్ గీసి (స్రావాన్ని స్లైడ్ మీద పలచగా పూసి), గ్రామ్ స్టెయిన్ (బ్యాక్టీరియాని చూడటానికి వేసే రంగు) వేసి చూశాను. నిండా పస్ సెల్స్ (చీము కణాలు). లాక్టోబాసిల్లై (అక్కడ మామూలుగా ఉండే మంచి బ్యాక్టీరియా) దాదాపు లేవు. క్యాండిడా అనే ఫంగస్ లేదు. రిపోర్ట్‌లో "ట్రైకోమోనాస్ కనబడలేదు" అని కూడా రాశాను. మా ఫార్మాట్‌లో ఆ గడి ఉంది, ఖాళీగా వదలకూడదని నింపాను.

ఆవిడకి ఫంగస్ మాత్ర ఇచ్చి పంపారు. తగ్గలేదు. మళ్లీ వచ్చింది, మళ్లీ అదే మాత్ర. మూడు నెలల తర్వాత విశాఖపట్నంలో పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వారం కణాల పరీక్ష) తీయిస్తే ట్రైకోమోనాస్ అని వచ్చింది. ఆ కాగితం పట్టుకుని మా ల్యాబ్‌కే వచ్చింది. కోప్పడలేదు. "అమ్మా, అప్పుడు లేదన్నారు కదా, మధ్యలో ఎక్కడ్నుంచి వచ్చింది?" అని అడిగింది. వెనకాల గుమ్మంలో వాళ్లాయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అసలు ఆ ప్రశ్న ఆయనదే అని నాకు అప్పుడర్థమైంది. ఏం చెప్పాలో తెలియక డాక్టర్ గారిని అడగమన్నాను. ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆ తర్వాత జీమ్సా అనే ఇంకో రంగు వేయడం మొదలుపెట్టాను. కానీ నా స్లైడ్లు అన్నీ నీలంగా, సిరా ఒలికినట్టు ఉంటున్నాయి. ఏది పస్ సెల్లో, ఏది ట్రైకోమోనాసో తేడా తెలియడం లేదు. అలాంటిదే లీష్మన్ రంగు మేలంటారా? అక్రిడిన్ ఆరెంజ్ అని ఎక్కడో చదివాను, అది మాలాంటి ల్యాబ్‌లో కుదురుతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఇంకొకరి విషయంలో ఇలా జరగకూడదు.

పాత టెక్నీషియన్

అమ్మాయ్, నేను ఒక మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఆ గడి నేనూ నింపినవాణ్ణే, అందుకని కొంచెం పొడుగ్గా చెప్తాను.

ముందు గ్రామ్ సంగతి. ట్రైకోమోనాస్‌కి బ్యాక్టీరియాకి ఉన్నట్టు గోడ ఉండదు. క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా రంగు నిలవదు, ఆల్కహాల్ పోయగానే కడుక్కుపోతుంది, చివరికి సాఫ్రనిన్ గులాబీ రంగే మిగులుతుంది. పస్ సెల్‌కీ అదే గులాబీ. సైజు కూడా ఇంచుమించు అంతే, పది మైక్రాన్ల చుట్టుపక్కల. పైగా స్మియర్ ఆరేటప్పుడు అది గుండ్రంగా ముడుచుకుపోతుంది, ఈదడానికి వాడే కొరడాల్లాంటి ఫ్లాజెల్లా కనబడవు. ఇక నిండా పస్ సెల్స్ ఉన్న స్లైడ్‌లో దాన్ని ఎవరు పట్టుకోగలరు? నీ కళ్ల లోపం కాదది. అలాగని గ్రామ్ మానెయ్యకు. క్యాండిడా ముదురు ఊదాలో తేలేది, క్లూ సెల్స్ (బ్యాక్టీరియా కప్పేసిన కణాలు) కనబడేది, న్యూజెంట్ స్కోరు (యోనిలో బ్యాక్టీరియా తీరుకి వేసే మార్కులు) వేసేది దాని మీదే. లాక్టోబాసిల్లై లేవని నువ్వు రాసింది మంచి పరిశీలన. ట్రైకోమోనాస్ గురించి మాత్రం గ్రామ్ స్లైడ్ చూసి ఉందనీ రాయకూడదు, లేదనీ రాయకూడదు.

1836లో పారిస్‌లో అల్‌ఫ్రెడ్ డొన్నే దీన్ని మొదటిసారి చూసినప్పుడు ఏ రంగూ వేయలేదు. తాజా స్రావంలో కదులుతుంటే చూశాడు. ఇప్పటికీ మనలాంటి ల్యాబ్‌కి మొదటి పరీక్ష అదే, వెట్ మౌంట్. స్లైడ్ మీద గోరువెచ్చని సెలైన్ చుక్క, అందులో స్వాబ్ తిప్పి, కవర్‌స్లిప్ వేసి వెంటనే చూడాలి. పది, మహా అయితే ఇరవై నిమిషాల్లోపు. ఆలస్యమైన కొద్దీ కదలిక తగ్గుతుంది, కదలిక ఆగితే అదీ పస్ సెల్ లాగే కనబడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టారంటే ఇక ఆశ వదులుకోవాల్సిందే. చలికాలం నేను స్లైడ్‌ని కాసేపు అరచేతి మీద పెట్టుకుని తర్వాత చూసేవాణ్ణి.

చూసేటప్పుడు కండెన్సర్ దించు, డయాఫ్రమ్ సగానికి పైగా మూసెయ్. చాలామంది ఇక్కడే పోగొట్టుకుంటారు. వెలుతురు ఎక్కువైతే గాజులాంటి ఆ జీవి వెలుతురులోనే కలిసిపోతుంది. 10ఎక్స్‌లో పస్ సెల్స్ గుంపుల అంచులు వెతుకు. గుంపు కదలదు. అంచున ఒక్కటి మాత్రం పక్కవాటిని తోస్తూ, ఉలిక్కిపడ్డట్టు అదురుతూ ఉంటుంది. అక్కడ ఆగి 40ఎక్స్‌కి వెళ్లు. బేరిపండు ఆకారం, ముందు నాలుగు ఫ్లాజెల్లా, ఒక పక్కన అలలా కొట్టుకునే పొర, వెనక ముల్లులా పొడుచుకొచ్చిన ఆక్సోస్టైల్ (ఒంటి మధ్య ఉండే కడ్డీ). సెలైన్‌లో కొట్టుకుపోయే సెల్స్ అన్నీ ఒకే వైపు పోతాయి. ఇది తన దారి తాను చూసుకుంటుంది. ఒకసారి చూశావంటే మళ్లీ పొరబడవు.

ఇంత జాగ్రత్తగా చేసినా వెట్ మౌంట్ అన్నీ పట్టదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కలో అది పట్టేది 44 నుంచి 68 శాతమే. కల్చర్ (ఆ జీవిని పెంచి చూడటం) ఇంకా మెరుగు, డైమండ్ మీడియం అని 1957 నుంచీ ఉంది, 37 డిగ్రీల్లో పెట్టి ఐదారు రోజులు చూస్తారు. న్యూక్లియిక్ ఆసిడ్ పరీక్ష (జీవి జన్యుపదార్థాన్ని వెతికేది) అన్నిటికన్నా మెరుగు. ఆ రెండూ నీ దగ్గర లేవు కాబట్టి జీమ్సా తోడుగా ఉండాలి. తోడుగానే సుమా, వెట్ మౌంట్ బదులుగా కాదు.

నీ స్లైడ్లు నీలంగా ఎందుకొస్తున్నాయో చెప్పనా? నువ్వు జీమ్సా దేంట్లో కలుపుతున్నావు? బోరు నీళ్లలోనా? క్షారం ఉన్న నీళ్లయితే స్టెయిన్ మొత్తం నీలంలోకి పోతుంది, న్యూక్లియస్ ఊదా రంగు విడిగా తేలదు. డిస్టిల్డ్ వాటర్ తెప్పించుకుని బఫర్ మాత్ర వేసి పీహెచ్ 7.2 చేసుకో. స్మియర్ పలచగా గియ్యి, వెనక పెట్టిన అక్షరాలు కనబడేంత పలచగా. గాలికి ఆరనిచ్చి మెథనాల్‌లో మూడు నిమిషాలు. ఒక పాలు జీమ్సాకి తొమ్మిది పాళ్లు బఫర్, అరగంట. కలిపింది ఆ రోజుకి ఆ రోజే, మిగిలితే పారబొయ్యాలి. కడిగేటప్పుడు కూడా బఫర్ నీళ్లే వాడు. లీష్మన్‌లో మెథనాల్ దానిలోనే ఉంటుంది కాబట్టి విడిగా ఫిక్స్ చేయక్కర్లేదు. అంతకుమించి పెద్ద తేడా లేదు, చెయ్యి తిరిగిన దానితో చెయ్యి.

ఆయిల్ ఇమ్మర్షన్‌లో న్యూక్లియస్ చూడు, మిగతాదంతా తర్వాత. పస్ సెల్ న్యూక్లియస్ రెండు మూడు తమ్మెలుగా విడిపోయి ఉంటుంది. ట్రైకోమోనాస్‌కి ఒకటే, కోలగా, ముందు వైపుకి జరిగి, ఊదా రంగులో. చుట్టూ లేత నీలం. అదృష్టం బాగుంటే ఆక్సోస్టైల్ సన్నటి గీతలా ఒళ్లంతా సాగి కనబడుతుంది, ఫ్లాజెల్లా ఎర్రటి వెంట్రుకల్లా ఉంటాయి. న్యూక్లియస్ స్పష్టంగా కనబడనిదాన్ని ట్రైకోమోనాస్ అని రాయొద్దు.

సైటో అక్క

పైన సర్ జీమ్సా గురించి అంతా చెప్పేశారు. నేను సైటాలజీలో (కణాల పరీక్ష విభాగంలో) ఉన్నాను కాబట్టి పాప్ వరకు చెప్తాను.

పాప్ స్మియర్‌కి గాలికి ఆరబెట్టడం అనేదే ఉండకూడదు. గీసిన చేత్తోనే, తడి ఆరకముందే 95 శాతం ఆల్కహాల్‌లో ముంచాలి, కనీసం పావుగంట. హెమటాక్సిలిన్, ఓజీ6, ఈఏ అనే రంగులు వరుసగా పడ్డాక ట్రైకోమోనాస్ బూడిద కలిసిన లేత ఆకుపచ్చలో, మసక మసగ్గా కనబడుతుంది. న్యూక్లియస్ పాలిపోయి ఒక పక్కకి ఉంటుంది. కొన్నిట్లో సైటోప్లాజంలో చిన్న ఎర్రటి నలుసులుంటాయి, అవి కనబడితే నాకు ధైర్యం. చుట్టూ న్యూట్రోఫిల్స్ (పస్ సెల్సే) బంతుల్లా గుమిగూడతాయి, ఎపిథీలియల్ సెల్స్ (పైపొర కణాలు) న్యూక్లియస్ చుట్టూ చిన్న తెల్లటి వలయం ఏర్పడుతుంది. పొడవాటి దారాల్లాంటి లెప్టోత్రిక్స్ బ్యాక్టీరియా కనబడిందంటే మాత్రం నేను ఆ స్లైడ్ మొదటి నుంచి మళ్లీ చూస్తాను, ఎందుకంటే చాలాసార్లు ఆ రెండూ జంటగానే ఉంటాయి.

అయితే చెల్లీ, పాప్‌లో వచ్చింది కదా అని కళ్లు మూసుకుని నమ్మేయడానికీ లేదు. చిరిగిన సైటోప్లాజం ముక్కలు, చెడిపోయిన పస్ సెల్స్ అచ్చం అలాగే మోసం చేస్తాయి. పాప్ గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ కోసం పెట్టిన పరీక్ష, ఇది దారిలో దొరికేది. వీలైతే వెట్ మౌంట్‌తోనో ఇంకో పరీక్షతోనో నిర్ధారించుకోవాలి. మీ దగ్గరికి వచ్చిన ఆవిడ విషయంలో లక్షణాలు కూడా సరిపోయాయి కాబట్టి రిపోర్ట్ నిజమే అయ్యుంటుంది.

వరంగల్ ల్యాబ్

అక్కా, అక్రిడిన్ ఆరెంజ్ సంగతి నేను చెప్తా. ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోప్ లేకుంటే అది ఆలోచించకండి. మా దగ్గర టీబీకి ఆరమిన్ అనే వెలిగే రంగు వేసిన స్లైడ్లు చూసే ఎల్ఈడీ మైక్రోస్కోప్ ఉంది, దాని నీలం లైటే దీనికీ పనికొస్తుంది. మెథనాల్‌లో ఫిక్స్ చేసి, ఆమ్లపు బఫర్‌లో కలిపిన స్టెయిన్ రెండు నిమిషాలు వేస్తే చాలు, జీమ్సా లెక్క అరగంట కూర్చునే పని లేదు. చీకటి గదిలో చూస్తే ట్రైకోమోనాస్ ఒళ్లు ఇటుక ఎరుపు, లోపల న్యూక్లియస్ పసుపు కలిసిన ఆకుపచ్చ, చిన్న అరటిపండు లెక్క. పస్ సెల్స్‌ది తమ్మెల న్యూక్లియస్ కాబట్టి తక్కువ పవర్‌లోనే తేడా తెలుస్తది. స్లైడ్ తొందరగా తిరగొచ్చు, అదే దాని లాభం. గ్లౌజులు లేకుండా మాత్రం ముట్టొద్దు, అది డీఎన్ఏకి అతుక్కునే రంగు.

ఇంకొకటి. మగవాళ్ల యూరిన్ సెడిమెంట్ (అడుగున పేరుకున్నది) చూసేటప్పుడు కూడా కదిలేవి ఉన్నాయా అని చూడండి. మగవాళ్లలో చాలామందికి ఏ బాధా ఉండదు, అట్ల యూరిన్‌లో కనబడితేనే బయటపడేది.

స్త్రీల డాక్టర్

గాజుపలక గారూ, స్టెయిన్ల గురించి మీవాళ్లు నాకన్నా బాగా చెప్పారు. గుమ్మంలో నిలబడ్డ ఆయన గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడతాను.

"మధ్యలో ఎక్కడ్నుంచి వచ్చింది" అనే ప్రశ్నకి జవాబు ఉంది. ట్రైకోమోనాస్ ఆడవాళ్లలో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి పెద్దగా బాధపెట్టకుండా ఉండిపోగలదు. మగవాళ్లలోనూ తెలియకుండా ఉంటుంది. కాబట్టి ఫలానా నెలలో, ఫలానా మనిషి నుంచి వచ్చిందని ఏ స్లైడూ చెప్పలేదు. మొదట లేదు, తర్వాత ఉంది అనే రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంట్లోవాళ్లకి ఒకటే అర్థం తోస్తుంది. ఆ మొదటి కాగితం అసలు ఆ పరీక్షే చేయలేదని వాళ్లకి తెలియదు. నా దగ్గరికి ఇలా పుట్టింటికి పంపేసిన అమ్మాయిలు వచ్చారు. అందుకే చెప్తున్నాను. ఆవిడ ఒప్పుకుంటే, మీరో అక్కడి డాక్టర్ గారో ఆయనకి ఈ మాట విడమరిచి చెప్పండి. ఆవిడని అడగకుండా మాత్రం వద్దు.

వైద్యం సంగతి: భార్యాభర్తలిద్దరికీ ఒకేసారి మందు పడాలి, మందు పూర్తయ్యేదాకా దూరంగా ఉండాలి. లేకపోతే ఇటు తగ్గి అటు నుంచి మళ్లీ వస్తుంది. ఆడవాళ్లకి ఇప్పుడు మెట్రోనిడజోల్ 500 మిల్లీగ్రాములు రోజుకి రెండు పూటలా ఏడు రోజులు ఇస్తున్నాం, ఒకే డోసు కన్నా అది మెరుగు. మూడు నెలలకి ఒకసారి మళ్లీ పరీక్ష. ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లలో తెల్లబట్టకి ఇచ్చే ఆకుపచ్చ కిట్‌లో సెక్నిడజోల్, ఫ్లుకోనజోల్ రెండూ ఉంటాయి. పరీక్ష సౌకర్యం లేనిచోట ఏదీ తప్పిపోకూడదనే అలా పెట్టారు. మీ దగ్గరికి వచ్చిన ఆవిడకి ఫంగస్ మాత్ర ఒక్కటే పడటానికి మీ రిపోర్ట్‌లోని ఆ ఒక్క వాక్యం కూడా కారణమే. నొప్పించాలని కాదు, ల్యాబ్ కాగితాన్ని మేం అంత నమ్ముతాం అని చెప్పడానికి.

గర్భంతో ఉన్నవాళ్లలో ఇది నెలలు నిండకముందే కాన్పుకి, ఎవరిలోనైనా హెచ్ఐవీ సులువుగా సోకడానికి దారి తీస్తుంది. చిన్న జబ్బుగా తీసేయడానికి లేదు.

గాజుపలక

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. అందరికీ చేతులెత్తి నమస్కారం. డాక్టర్ గారూ, మీరు రాసింది నొప్పించింది, కానీ నిజం.

ముందు నర్సింగ్ హోమ్‌కి వెళ్లి మాట్లాడాను. మా ల్యాబ్ నుంచి అక్కడికి ఎనిమిది నిమిషాల నడక. ఇన్నేళ్లూ గంటన్నర ఆలస్యం దూరం వల్ల కాదు, శాంపిల్స్ అన్నీ కలిపి పంపే అలవాటు వల్ల. ఇప్పుడు స్వాబ్ ఉందంటే సిస్టర్ ఫోన్ చేస్తుంది. నేనో మా అమ్మాయో సెలైన్ ట్యూబ్ ఏప్రన్ జేబులో పెట్టుకుని వెళ్తాం, ఒంటి వేడికి గోరువెచ్చగా ఉంటుందని. స్వాబ్ అందులోనే ముంచి తెచ్చుకుంటాం.

పోయిన మంగళవారం దొరికింది. తీసిన పన్నెండు నిమిషాలకి స్లైడ్ పెట్టాను. కండెన్సర్ దించాను. మొదటి నాలుగు ఫీల్డుల్లో ఏమీ లేదు. ఐదో దాంట్లో పస్ సెల్స్ గుంపు అంచున ఒకటి అదురుతోంది, పక్కనున్న ఎపిథీలియల్ సెల్ అంచు కూడా దాంతో పాటు వణుకుతోంది. 40ఎక్స్‌లో ఆ పక్క పొర అలలా కొట్టుకోవడం కనబడింది. తొమ్మిదేళ్లలో నేను చూడటం ఇదే మొదలు. అంటే ఇన్నేళ్లూ రాలేదని కాదు కదా. అది తలుచుకుంటే కడుపులో దేవినట్టయింది. మా అమ్మాయిని పిలిచి చూపించాను. అదే స్వాబ్‌తో స్మియర్ గీసి, డిస్టిల్డ్ వాటర్‌లో బఫర్ మాత్ర వేసి జీమ్సా చేశాను. ఈసారి నీలం ముద్ద కాలేదు. చాలాసేపు వెతికితే మూడు దొరికాయి, కోలగా ఒకటే న్యూక్లియస్. సర్, ఆక్సోస్టైల్ ఒక దాంట్లోనే కనబడింది. ఆ స్లైడ్ పేరు లేకుండా దాచాను, కొత్తగా వచ్చేవాళ్లకి చూపించడానికి.

ఫార్మాట్‌లో ఆ గడి మార్చాను. ఇప్పుడు వెట్ మౌంట్ చేశామా లేదా, స్వాబ్ తీసిన ఎన్ని నిమిషాలకి చూశాం అని రెండు గడులున్నాయి. స్వాబ్ ఎండి వస్తే "శాంపిల్ ఎండిపోయింది, ట్రైకోమోనాస్‌కి పరీక్ష చేయలేదు, తాజాగా మళ్లీ పంపండి" అని రాస్తున్నాను.

ఆవిడకి ఫోన్ చేశాను. ముందు ఆవిడనే అడిగాను, మీ ఆయనకి చెప్పమంటారా అని. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "చెప్పండమ్మా, నేను చెప్తే నమ్మడు" అంది. ఇద్దరూ వచ్చారు. వాళ్లని లోపల కూర్చోబెట్టి పాత రిపోర్ట్ బల్ల మీద పెట్టాను. ఈ పరీక్షలో ఆ జీవి కనబడదు, కనబడని పరీక్ష చేసి లేదని రాశాను, ఆ తప్పు నాది, అది అంతకుముందు నుంచే ఉండి ఉండొచ్చు, ఎప్పటి నుంచో ఎవరూ చెప్పలేరు అని చెప్పాను. ఆయన ఆ కాగితం తీసుకుని నేను వేలు పెట్టి చూపించిన లైను దగ్గర చాలాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి మందుల చీటీ తీసి, "దీంట్లో రెండో పేరు నాదేనా? నేనూ ఏడు రోజులు వేసుకోవాలా?" అని అడిగాడు.

చీటీ చూశాను. మాత్రలు ఆయన పేరు మీద కూడా రాసి ఉన్నాయి. అవునన్నాను, ఎన్ని రోజులో డాక్టర్ గారు రాసిందే లెక్క, ఇద్దరూ ఒకే రోజు మొదలుపెట్టాలి అన్నాను. ఆవిడ అప్పటికే లేచి, మెడికల్ షాపు ఏ వైపు అని మా అమ్మాయిని అడుగుతోంది.